చీపురు పండించే ఊరు

మావ్‌లిన్నాంగ్‌లో దారి మలుపు తిరిగిన ప్రతిచోటా ఒక వెదురు బుట్ట కనిపిస్తుంది. పైన వెడల్పాటి నోరు, కిందికి పోనుపోనూ సన్నబడి మొనదేలిన అడుగు. పాతిన కర్రలకు ఆనుకుని వేలాడుతుంటుంది. కొత్తగా అల్లినదైతే వెదురు పసుపుపచ్చగా మెరుస్తుంది, వానల్లో నానినదైతే నల్లబడి నాచు పట్టి ఉంటుంది. తొంగి చూస్తే అడుగున నాలుగు ఎండుటాకులు, వక్క తొక్కలు, ఎవరో పర్యాటకుడు వేసిన బిస్కెట్ కాగితం. అది చెత్తబుట్ట. ఇంటి ముందొకటి, అంగడి ముందొకటి, చర్చి దారిలో ఇంకొకటి. చెత్త చేతిలో పట్టుకుని వెతుక్కునే పని ఎవరికీ ఉండదు.

ఖాసీ కొండల్లో ఈ ఆకారం కొత్తదేమీ కాదు. వక్కలు, నారింజలు, కట్టెలు మోసుకొచ్చే బుట్టదీ ఇదే రూపం. దాన్ని ఖోహ్ అంటారు. బుట్టకు కట్టిన పట్టీని నుదుటికి తగిలించి, బరువంతా వీపు మీద వేసుకుని, చేతులు రెండూ ఖాళీగా ఊపుకుంటూ నిట్టనిలువు రాతిమెట్లు ఎక్కిపోతారు. తరతరాలుగా పంట మోసిన ఆ అల్లికనే ఊరు చెత్తకూ వాడుకుంది. ఎవరో బయటినుంచి తెచ్చి పెట్టిన పథకం కాదనడానికి ఈ బుట్ట చాలు.

మేఘాలయ రాష్ట్రం, తూర్పు ఖాసీ కొండల జిల్లా, పైనుర్స్‌లా ప్రాంతం. బంగ్లాదేశ్ సరిహద్దుకు కూతవేటు దూరం. వంద గడపలకు కాస్త అటూ ఇటూగా ఉన్న ఈ పల్లెను 2003లో ‘డిస్కవర్ ఇండియా’ అనే పర్యాటక పత్రిక ఆసియాలోనే అత్యంత పరిశుభ్రమైన గ్రామమని రాసింది. ప్రభుత్వం పోటీ పెట్టి, మార్కులు వేసి ఇచ్చిన బహుమతి కాదది, ఒక పత్రిక పెట్టిన పేరు. అయినా ఆ పేరు ఊరికి అతుక్కుపోయింది. అంతవరకు వక్కతోటల మధ్య తన మానాన తానున్న పల్లెకు దేశదేశాల నుంచి జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్లు పూలనూ వీధులనూ ఫొటోలు తీసుకుని వెళ్తారు. ఆ పూల వెనకా వీధుల వెనకా ఉన్న వంతులవారీ చాకిరీ ఫొటోలో పడదు. ఈ ఊళ్లో చూడాల్సిన అసలు వింత అదే.

కొండ దిగితే వక్కతోటలు

షిల్లాంగ్ దాదాపు 1,500 మీటర్ల ఎత్తున, పైన్ చెట్ల తోపుల మధ్య ఉంది. అక్కడినుంచి దక్షిణంగా బయల్దేరితే మొదట గడ్డి మైదానాలు, గాలికి కొట్టుకొచ్చే మబ్బులు. పైనుర్స్‌లా దాటాక రోడ్డు గిరగిరా తిరుగుతూ కిందికి దిగుతుంది. దిగేకొద్దీ చలి తగ్గి గాలి బరువెక్కుతుంది, చెట్లు మారిపోతాయి. వక్కచెట్లు, వాటిని అల్లుకున్న తమలపాకు తీగలు, పనసలు, అనాసలు. మన బిర్యానీలో వేసే ఆకు చెట్లు కూడా ఈ వాలుల మీదే పెరుగుతాయి. ఈ దక్షిణపు వాలుల్లో ఉండే ఖాసీలను వార్ ఖాసీలంటారు. వాళ్ల బతుకంతా తోటల మీదే.

తోటల్లోంచి నడుస్తుండగానే ఊరు వచ్చేస్తుంది. ఎక్కడ తోట ఆగి ఎక్కడ ఊరు మొదలైందో గీత గీసి చెప్పడం కష్టం. రాళ్లు పరిచిన కాలిబాటకు రెండు వైపులా పూలమొక్కలు, వెదురు దడులు. ఇళ్లు కొన్ని వెదురువి, కొన్ని చెక్కవి, ఈమధ్య కట్టినవి సిమెంటువి. ప్రతి ఇంటి ముందూ ఎంతో కొంత తోట. గుమ్మానికి వేలాడదీసిన మొక్కలు, చెట్ల మానులకు కట్టిన ఆర్కిడ్లు. ఊళ్లో వందేళ్లు దాటిన ఎపిఫనీ చర్చి ఉంది. ఊరి చివర సుమారు 85 అడుగుల ఎత్తున వెదురుతో కట్టిన మంచె ఉంది. మెట్టు మెట్టుకూ కిర్రుమంటుంటే గుండె గుప్పిట్లో పెట్టుకుని పైకెక్కితే, ఒక పక్క కొండలు, ఇంకో పక్క కనుచూపు మేరా బంగ్లాదేశ్ మైదానం. వానాకాలంలో ఆ మైదానం సగం నీళ్లే.

వాన నేర్పిన పాఠం

ఈ జిల్లాను అర్థం చేసుకోవాలంటే వానను లెక్కలోకి తీసుకోవాలి. మాసిన్‌రామ్, చిరపుంజి రెండూ ఇక్కడివే. మాసిన్‌రామ్‌లో ఏడాదికి సగటున కురిసేది 11,872 మిల్లీమీటర్లు. మన అనంతపురంలో ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అంటే అనంతపురం ఇరవై ఏళ్లకు పైగా చూసే వాన అక్కడ ఒక్క ఏడాదిలో పడుతుంది. చిరపుంజిలో 1860 ఆగస్టు నుంచి 1861 జులై దాకా, పన్నెండు నెలల్లో 26 వేల మిల్లీమీటర్లకు పైగా కురిసింది. ప్రపంచ రికార్డుగా ఆ లెక్క ఇప్పటికీ నిలిచే ఉంది. పొలం పనుల్లో ఖాసీలు వీపు మీద బోర్లించుకునే క్నుప్ అనే గొడుగు ఇలాంటి వాన కోసం పుట్టిందే. వెదురూ ఆకులతో అల్లిన ఆ గొడుగు తల నుంచి నడుము దాకా కప్పుతుంది. చూడగానే మన తాటాకు గిడుగు గుర్తొస్తుంది. పట్టుకోవాల్సిన పని లేదు కాబట్టి రెండు చేతులతో నాట్లు వేసుకోవచ్చు.

అంత వానలో చెత్త ఎక్కడ వేస్తే అక్కడ ఉండదు. కొట్టుకుపోయి ఊటలో చేరుతుంది, ఊటనీళ్లు కుండలో చేరతాయి. 19వ శతాబ్దం చివర్లో ఈ ప్రాంతంలో కలరా సోకిందనీ, ఇల్లూ వాకిలీ శుభ్రంగా ఉంచుకుంటేనే గండం గడుస్తుందని క్రైస్తవ మిషనరీలు చెప్పారనీ, అప్పటినుంచి ఊరు ఆ మాట తప్పలేదనీ పెద్దలు చెప్పుకుంటారు. వేల్స్ దేశం నుంచి థామస్ జోన్స్ అనే మిషనరీ 1841లో చిరపుంజి చేరాడు. ఖాసీ భాషకు రోమన్ లిపిలో రాత ఏర్పడింది ఆయన పనితోనే. చదువు, చర్చి, ఆరోగ్య సూత్రాలు ఈ కొండల్లోకి కలిసే నడిచివచ్చాయి. దేశమంతటా స్వచ్ఛభారత్ 2014 అక్టోబరు 2న మొదలైంది. అప్పటికే మావ్‌లిన్నాంగ్‌లో ఇంటింటికీ మరుగుదొడ్డి ఉంది.

బడికి ముందు చీపురు

తెల్లవారుతూనే ఊరంతా చీపుళ్ల చప్పుడు. బడికెళ్లే పిల్లలు ఆరున్నర ప్రాంతంలో లేచి ముందు వీధి ఊడుస్తారు. రాత్రంతా రాలిన ఆకుల్ని కుప్పచేసి ఎత్తుతారు, మలుపుల్లో ఉన్న వెదురు బుట్టల్ని ఖాళీ చేస్తారు. చెత్తను అప్పుడే రెండుగా వేరుచేస్తారు. ఆకులూ తొక్కలూ గుంతలో వేసి మట్టి కప్పుతారు, మాగి ఎరువయ్యాక అది తోటలకూ పూలమొక్కలకూ వెళ్తుంది. కుళ్లనిదాన్ని ఊరికి దూరంగా తరలిస్తారు. ఆ తర్వాతే స్నానం, అన్నం, బడి.

పెద్దలకూ పని ఉంది. ఎవరి ఇంటి ముందు బాట వాళ్లు ఊడ్చుకోవడం ఒకెత్తు. దారి పక్క కలుపు తీయడం, కాల్వలో పూడిక ఎత్తడం, వానకు జారిన రాయిని తిరిగి పేర్చడం ఊరుమ్మడి పనులు. శనివారం వచ్చిందంటే పిల్లలకూ పెద్దలకూ ఊరి పెద్ద పనులు పంచుతాడు. పర్యాటకులు పెరిగాక రోజంతా వీధులు చూసుకోవడానికి కొందరికి కూలి కూడా ఇస్తున్నారు. కూలి ఇచ్చేవాళ్లున్నారు కదా అని ఎవరూ తమ చీపురు గోడకు ఆనించి కూర్చోలేదు. ప్లాస్టిక్ సంచులు వద్దన్నారు, బహిరంగంగా పొగ తాగొద్దన్నారు. తప్పితే జరిమానా.

పిల్లలతో పని చేయించడం ఏమిటని పట్నం నుంచి వచ్చినవాళ్లకు అనిపించవచ్చు. మన పల్లెల్లో తెల్లారకముందే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టిన చేతులకు ఈ పని వింతగా తోచదు. తేడా అల్లా హద్దులోనే ఉంది. మనం వాకిలి దాకా ఊడ్చి, ఆ చెత్తను వీధిలోకి నెడతాం. వాళ్లకు వాకిలి ఊరి చివరి దాకా ఉంటుంది.

దర్బారు మాట

ఈ క్రమం ఎవరి బలంతో నడుస్తోంది? మనకు గ్రామ పంచాయతీ ఉన్నచోట ఖాసీలకు దర్బార్ ష్నాంగ్ ఉంటుంది. ఊరి సభ అన్నమాట. దాని పెద్దను రంగ్‌బా ష్నాంగ్ అంటారు. 73వ రాజ్యాంగ సవరణతో దేశమంతా పంచాయతీ వ్యవస్థ వచ్చినా, రాజ్యాంగం మేఘాలయకు దాన్నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆరో షెడ్యూలు కింద ఇక్కడ స్వయంపాలిత జిల్లా మండళ్లు, వాటి నీడలో పాత దర్బార్లు కొనసాగుతున్నాయి. భూమి, అడవి, నీళ్లు, దారులు, తగవులు అన్నీ అక్కడే తేలతాయి. రోజూ మొహమొహాలు చూసుకునేవాళ్లు అందరి ఎదుటా కూర్చుని ఒప్పుకున్న మాట కాబట్టి దాన్ని దాటడం కష్టం. జరిమానా డబ్బు కంటే నలుగురిలో పేరు వినబడటమే ఎక్కువ నొప్పి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఖాసీలది తల్లివైపు వంశం. పిల్లలకు తల్లి ఇంటిపేరే వస్తుంది. పూర్వీకుల ఇల్లు చివరి కూతురికి దక్కుతుంది, అమ్మానాన్నల్ని కడదాకా చూసుకునే బాధ్యతా ఆమెదే. ఇల్లు ఆమెది. దర్బారులో కూర్చునే హక్కు మాత్రం సంప్రదాయం ప్రకారం మగవాళ్లకే ఉండేది. ఆడవాళ్లకూ అందులో చోటుండాలన్న వాదన ఖాసీ సమాజంలో బలంగా వినిపిస్తూనే ఉంది. వీధి అందంగా ఉంచే పనిలో ఆడవాళ్లూ ఉన్నారు కాబట్టి, ఆ వాదనలో న్యాయం వెతుక్కోనక్కర్లేదు.

మన ఇంటి మూల దాకా

ఇక చీపురు సంగతి. ఈ కొండవాలుల మీద మనిషెత్తు పెరిగే ఒక గడ్డి ఉంది. చలికాలంలో దాని కొసన మెత్తటి కంకి వస్తుంది. ఆ కంకుల్ని కోసి, ఎండబెట్టి, పిడికెడేసి కలిపి కట్టలు కడతారు. అదే మనం కొండచీపురు అని కొనుక్కునేది. వక్క, తమలపాకుతో పాటు పైనుర్స్‌లా చుట్టుపక్కల రైతులకు డబ్బు తెచ్చే పంట ఇది. దేశం మొత్తానికి ఈ గడ్డి సరఫరా చేసే రాష్ట్రాల్లో మేఘాలయది ముందువరస. ఒకసారి నాటితే కొన్నేళ్లపాటు కోతకొస్తుంది. వేళ్లు గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి వాలు మీద మట్టి జారదు. పచ్చి ఆకు పశువులు తింటాయి. ఊడ్చే ఊరు ఊడ్చే సామాను కూడా తానే పండించి లోకానికి పంపుతోంది!

తెలుగువాళ్లకు ఈ గడ్డి పరాయిది కాదు. పాడేరు, సీతంపేట మన్యంలో గిరిజనులు జనవరి నుంచి ఇదే కంకిని కోసి సంతలకు తెస్తారు. విశాఖపట్నం కేంద్రంగా 1956లో ఏర్పడ్డ గిరిజన సహకార సంస్థ కొండచీపుళ్లను కొని పట్నాలకు పంపుతుంటుంది. ఆ మన్యానికీ ఖాసీ కొండలకూ ఇంకా పాత చుట్టరికం ఒకటుంది. ఖాసీ భాష ఆస్ట్రోఏసియాటిక్ కుటుంబంలోది. మన మన్యంలోని సవరల భాషా ఆ కుటుంబంలోదే. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడి కొండల్లో ఏళ్లకేళ్లు తిరిగి నేర్చుకుని, వ్యాకరణమూ నిఘంటువూ రాసిన భాష అది. వందల మైళ్ల ఎడంలో, ఎప్పుడో వేరుపడిన రెండు అన్నదమ్ముల భాషలు మాట్లాడే జనం ఇవాళ ఒకే గడ్డి కోసి చీపుళ్లు కడుతున్నారు.

తమలపాకు విషయంలోనూ బంధుత్వం కలుస్తుంది. ఖాసీ ఇంటికి ఎవరు వెళ్లినా ముందు చేతికొచ్చేది క్వాయ్: తమలపాకు, సున్నం, పచ్చివక్క. మన ఎండువక్కలా అనుకుని నోట్లో వేసుకుంటే చెవులు వేడెక్కి, నుదుట చెమట పడుతుంది. పూర్వం కాలినడకన వెళ్లేటప్పుడు దూరాన్ని కూడా దారిలో ఎన్ని క్వాయ్‌లు నమిలితే చేరతామో దాన్నిబట్టి చెప్పుకునేవారట. ఖాసీల మీద 1907లో పుస్తకం రాసిన గర్డన్ అనే బ్రిటిష్ అధికారి ఈ సంగతి నమోదు చేశాడు.

వేళ్లతో కట్టిన వంతెన

ఊరి పక్కనే రివాయ్ గ్రామం. రాతిమెట్లు దిగి వెళ్తే థైలాంగ్ ఏటి మీద ఒక వంతెన ఉంది. దానికి మేకు లేదు, సిమెంటు లేదు. మర్రి జాతికి చెందిన రబ్బరుచెట్టు వేళ్లే ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అల్లుకుపోయి వంతెనయ్యాయి. దగ్గరికెళ్లి చూస్తే నడుం లావు వేళ్ల మధ్య వేలెడు లావువి, వాటి సందుల్లో దారమంతటి కొత్త వేళ్లు. అడుగు పెట్టేచోట సందుల్ని రాళ్లతో, మట్టితో పూడ్చారు. పక్కన పట్టుకునే కమ్మీ కూడా వేరే. కింద ఏరు బండల మీద నుంచి దూకుతూ పోతుంటుంది.

దీన్ని కట్టారనాలో పెంచారనాలో తెలీదు. గట్టు మీద చెట్టు నాటి, అది వేళ్లు వదిలాక వాటిని వెదురు మీదుగానో, నిలువునా చీల్చి తొలిచిన వక్కమానుల్లోంచో అవతలి గట్టు వైపు నడిపిస్తారు. వేరు అవతల నేలను పట్టాక దానిమీదికి మరో వేరు మళ్లిస్తారు. నడవడానికి పనికిరావాలంటే 15 నుంచి 30 ఏళ్లు పడుతుంది. ఈ వానలకు ఇనుము తుప్పు పడుతుంది, చెక్క కుళ్లుతుంది. వేరు మాత్రం ఏటేటా లావెక్కుతుంది. బాగా చూసుకుంటే వంతెన వందల ఏళ్లు నిలుస్తుంది. ఇలాంటి వంతెనలున్న గ్రామాలు మేఘాలయలో డెబ్బైకి పైగా ఉన్నాయి. 2022లో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. నాటినవాడు మనవడి నడక కోసం నాటాలి. మధ్యలో ఒక తరం బద్ధకిస్తే వేరు దారి తప్పుతుంది. అలాంటి పనికి అలవాటుపడ్డ జనానికి రోజూ పొద్దున్నే వీధి ఊడవడం ఎంత పని?

పేరు తెచ్చిన బరువు

బిరుదు వచ్చాక మావ్‌లిన్నాంగ్ బతుకు మారింది. ఇళ్లల్లో గదులు వేసి అతిథులకు అద్దెకిస్తున్నారు. అన్నం హోటళ్లు, టీ అంగళ్లు, చేతిపనుల దుకాణాలు వెలిశాయి. వక్క ధర పడిపోయిన ఏడు కూడా చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. ఊరి మొదట్లో బండ్ల దగ్గర వసూలుచేసే రుసుము ఊరి నిర్వహణకు పనికొస్తోంది.

దాంతోపాటే తలనొప్పులూ వచ్చాయి. సెలవు రోజుల్లో ఊరి జనం కంటే వచ్చే జనమే ఎక్కువ. సొంత గుమ్మంలో కూర్చుని వక్క నములుతున్న ముసలమ్మ ముందు ఎవరో ఒకరు ఫోను పట్టుకుని నిలబడతారు. అడక్కుండానే దడి దాటి తోటలోకి వెళ్తారు. చిప్స్ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు బయటి నుంచి వచ్చి ఊళ్లో మిగిలిపోతాయి. ఒకప్పుడు ఊరు తన చెత్త తాను ఎత్తుకునేది, ఇప్పుడు వచ్చినవాళ్లందరి చెత్తా ఎత్తుతోంది. శుభ్రత ఊరివాళ్ల అలవాటుగా ఉన్నంతకాలం దానికి ప్రేక్షకుల అవసరం లేకపోయింది. చూడవచ్చేవాళ్ల కోసం ఊడవడం మొదలైతే, చూసేవాళ్లు లేని రోజున చీపురు పట్టేదెవరు అన్న ప్రశ్న వస్తుంది. ఆదివారాన్ని ప్రార్థనకూ విశ్రాంతికీ దాచుకోవాలనే పట్టుదల కూడా ఊళ్లో ఉంది. ఊరు తన కోసం తాను కొంత మిగుల్చుకుంటోంది.

ఎలా వెళ్లాలి?

తెలుగు రాష్ట్రాల నుంచి విమానంలోనైనా, విజయవాడ, విశాఖ మీదుగా వెళ్లే రైళ్లలోనైనా ముందు గువాహటి చేరాలి. అక్కడినుంచి షిల్లాంగ్ సుమారు 100 కిలోమీటర్లు, షిల్లాంగ్ నుంచి మావ్‌లిన్నాంగ్ సుమారు 90 కిలోమీటర్లు. కొండదారి కాబట్టి ఈ రెండో ప్రయాణానికి మూడు గంటలు పడుతుంది. టాక్సీ మాట్లాడుకుంటే రివాయ్ వంతెన, అద్దంలాంటి నీళ్ల ఉమ్‌గోట్ నది పారే డావ్‌కీ కూడా కలిపి చూసుకోవచ్చు. కొన్ని ఈశాన్య రాష్ట్రాల్లోకి వెళ్లడానికి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ మేఘాలయకు అక్కర్లేదు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ప్రయాణం సుఖం. వానాకాలంలో కొండలు పచ్చగా కళకళలాడతాయి గానీ రాతిమెట్లు జారతాయి, మంచె ఎక్కడం కష్టం. ఆదివారం వెళ్లాలనుకుంటే బయటివాళ్లను రానిస్తున్నారో లేదో షిల్లాంగ్‌లోనే కనుక్కోవాలి.

వీలైతే ఒక రాత్రి ఊళ్లోనే బస చేయండి. మధ్యాహ్నం కార్లలో వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లు పూలను మాత్రమే చూస్తారు. పొద్దున ఆరున్నరకు లేచినవాళ్లు ఊరిని చూస్తారు. వెంట తీసుకెళ్లిన ప్లాస్టిక్‌ను ఆ వెదురు బుట్టల్లో వేయకుండా సంచిలో పెట్టుకుని షిల్లాంగ్ తెచ్చేయండి. అక్కడ వేస్తే మర్నాడు దాన్ని ఎత్తాల్సింది బడికెళ్లే పిల్లలు.